చేపలు లేని చేపలతొట్టి

ముప్పది రెండేండ్లు నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రము బోధించినాను. ఏటేట పిల్లలకు నత్రజని వలయమును నల్లబల్లపై గీచి చూపినాను. ఒక ప్రక్క ఆవు, ఇంకొక ప్రక్క చిక్కుడుతీగ, పైన మబ్బులో మెరుపు, క్రింద నేలలో సూక్ష్మజీవులు; వాని నడుమ నాలుగైదు బాణపు గుర్తులు. పిల్లలు ఆ బొమ్మను నోటుపుస్తకములో దించుకొన్నారు. పరీక్షలో మరల గీచి మార్కులు తెచ్చుకొన్నారు. ఇన్నేండ్లలో ఒక్క విద్యార్థియైనను లేచి, "మాస్టారూ, ఈ బాణం ఈ చివరినుంచి ఆ చివరికి పోవడానికి ఎన్ని రోజులు పడుతుందండీ?" అని అడుగలేదు. అడిగియుంటే నేను చెప్పగలిగేవాడను కాను. నాకును ఆ సందేహము ఎన్నడు కలుగలేదు.

ఆ ప్రశ్న, దానికి సమాధానము రెండును నాకు ఉద్యోగ విరమణ తరువాత, అమెరికాలో ఫ్లారిడా రాష్ట్రపు టాంపా నగరములో, మా అబ్బాయి ఇంటి ముందుగదిలో ఒక్కసారే దొరకినవి.

మేము వెళ్ళేసరికి ఆ గదిలో రెండువందల లీటర్లు పట్టే గాజుతొట్టి ఒకటి బల్లపై అమర్చియున్నది. నిండుగా నీరు ఉన్నది. ఒక మూల చిన్న పంపు గిరగిర తిరుగుతూ నీటిని కదలించుచున్నది. చేప మాత్రము ఒక్కటియును లేదు. అది సముద్రపు తొట్టియనియు, అందులో పగడపు దిబ్బ నొకదానిని చిన్న ఎత్తున నిలుపబోవుచున్నామనియు మా అబ్బాయి చెప్పినాడు. పగడమనగానే మన ఆడవారికి నవరత్నములలోని ఎఱ్ఱపూస గుర్తుకు వచ్చును. మా ఇంటావిడకును వచ్చినది. ఆ నగల పగడము ప్రధానముగా మధ్యధరా సముద్రములో పెరిగే వేరొక జాతిది. వెచ్చని లోతులేని సముద్రములలో కోసుల పొడవున దిబ్బలు కట్టే పగడపు జీవులు వేరు. వాని అస్థిపంజరము తెల్లని సున్నము. బ్రతికియున్నంతవరకు దానిపై రంగురంగుల మెత్తని పొర ఉండును.

పదేండ్ల మా మనుమడు మా రాకకన్న ఆ తొట్టిలోనికి చేపల రాకకై ఎక్కువ ఎదురుచూచుచున్నాడని గ్రహించుటకు నాకు ఎంతోసేపు పట్టలేదు.

"చేపలు ఎప్పుడు వేస్తారు తాతయ్యా?"

"మీ నాన్నను అడుగు."

"నాన్న ఆరు వారాలంటాడు!"

నాకును అది వింతగానే తోచినది. నీరున్నది, ఉప్పున్నది, వెలుగున్నది, గాలి ఉన్నది. ఇక ఆరు వారాలు దేనికొరకు?

ముందుగా ఆ ఉప్పు సంగతి. సముద్రపు నీరనగా మన వంటింటి ఉప్పు కలిపిన నీరు కాదు. కిలో సముద్రజలములో సుమారు 35 గ్రాముల లవణములుండును. అందులో ఎక్కువ పాలు మనము తినే ఉప్పే అయినను, మెగ్నీషియము, కాల్షియము, గంధకితములు మొదలైనవి తగిన పాళ్ళలో లేనిచో పగడపు జీవి బ్రతుకదు. కాల్షియము లేనిదే అది తన సున్నపు ఇల్లు కట్టుకొనజాలదు. ఆ పాళ్ళన్నియు సరిచేసిన ఉప్పును సంచులలో అమ్ముచున్నారు. ఆ తొట్టికి ఏడు కిలోల ఉప్పు పట్టినది. కుళాయి నీటిలో క్లోరిన్ ఉండును గనుక, దానిని వడపోత యంత్రముతో శుద్ధిచేసి, ఉప్పు కలిపి, ఒక పగలు ఒక రాత్రి పంపుతో చిలికినారు. ఇక్కడ పిల్లలకు వేయదగిన చిక్కుప్రశ్న ఒకటి కలదు. తొట్టిలోని నీరు రోజురోజుకు ఆవిరియై తగ్గుచుండును. తగ్గినంత మేరకు మరల ఏ నీరు పోయవలెను? ఉప్పునీరా, మంచినీరా? మా మనుమడు మొదటిసారి తప్పు చెప్పినాడు. నిజము చెప్పవలెనన్న నేనును తడబడినాను. ఆవిరియై పోయినది నీరు మాత్రమే. ఉప్పు తొట్టిలోనే ఉన్నది. కాబట్టి మంచినీరే పోయవలెను.

మూడవనాడు రాళ్ళు వచ్చినవి.

తడిపిన వార్తాపత్రికలలో చుట్టి, పెట్టెలో పెట్టి పంపిన సుమారు పాతిక కిలోల రాళ్ళు. పెట్టె విప్పగానే ఇల్లంతయు ఎండుచేపల సంతవలె అయినది. మా ఇంటావిడ కొంగు ముక్కున అడ్డము పెట్టుకొని వెనుక వాకిటిలోనికి పోయినది. ఈ రాళ్ళను అక్కడివారు లైవ్ రాక్ అందురు. మన భాషలో సజీవశిల అనవచ్చును. పేరు వినగానే రాయికి ప్రాణమున్నదని తలచరాదు. రాయి రాయియే. సున్నపురాయి, నిండ సందులు, బొరియలు, సూదిమొన దూరనంతటి సన్నని రంధ్రములు. ఏండ్ల తరబడి సముద్రములో పడియుండుటచే ఆ రంధ్రములన్నిటిలో సూక్ష్మజీవులు కాపురము పెట్టియుండును. పైన గులాబిరంగు, ఊదారంగు పూతవలె కనిపించునది ఒకజాతి నాచు. అదియును సున్నమును పేర్చుకొనునదే. సందులలో స్పంజికలు, పురుగులు, చిన్నచిన్న నత్తలు, ఈకవంటి తలపాగా చుట్టిన గొట్టపు పురుగులు ఉండును. ప్రాణము రాతిది కాదు, అద్దెకున్నవారిది.

దారిలో నీరులేక ఆ అద్దెకున్నవారిలో కొందరు చచ్చిపోయినారు. ఆ వాసన వారిదే. మా అబ్బాయి పళ్ళ కుంచెతో తెల్లబడి కుళ్ళిన స్పంజికలను గీకి పారవేసి, రాళ్ళను ఒకదానిపై నొకటి, నడుమ గుహలు విడిచి, తొట్టిలో పేర్చినాడు. గీకగా మిగిలిన కుళ్ళు నీటిలోనే ఉండిపోయినది. అది దోషమనుకొన్నాను. కాదట, అదియే పెట్టుబడి.

కుళ్ళిన మాంసకృత్తులనుండి అమ్మోనియా పుట్టును. చేప కూడ తన శరీరపు మాలిన్యమును ముఖ్యముగా మొప్పల ద్వారా అమ్మోనియా రూపముననే విడుచును. సముద్రములో అది అపారమైన నీటిలో కలసి కరగిపోవును. నాలుగు గాజుపలకల నడుమ అది పోవుటకు చోటు లేదు. నీటిలో అమ్మోనియా పెరిగినకొలది చేప తన ఒంటిలోనిదానిని బయటకు పంపలేదు. మొప్పలు కమలి, ఊపిరాడక చచ్చును. మంచినీటి తొట్టికన్న ఉప్పునీటి తొట్టిలో ఈ ప్రమాదము ఎక్కువ. సముద్రజలము కొంచెము క్షారగుణము కలది. దాని పిహెచ్ 8.2 ప్రాంతమున ఉండును. పిహెచ్ 7 వద్ద ఉన్న నీటితో పోల్చినచో, అదే మోతాదు అమ్మోనియాలో విషరూపమున ఉండే భాగము అక్కడ పదిరెట్లు మించును. ఇన్నిటికిని మించిన చిక్కేమనగా ఆ నీరు చూచుటకు స్ఫటికమువలె ఉండును. విషము కంటికి కనబడదు.

ఇందుకు విరుగుడు ఏమి? ఈ కథ 1877 లో పారిస్ నగరములో మొదలైనది. ష్లోసింగ్, మ్యూంట్జ్ అను ఇద్దరు ఫ్రెంచి రసాయనవేత్తలు పొడవైన గాజుగొట్టములో ఇసుకను, సున్నపురాతి పొడిని నింపి, దానిగుండ మురుగునీటిని కొద్దికొద్దిగా దించుచు వచ్చినారు. ఇరువది దినములు ఏమియు జరుగలేదు. పోసిన అమ్మోనియా పోసినట్లే దిగినది. ఆ తరువాత అమ్మోనియా మాయమై, దాని స్థానమున నైట్రేటు దిగసాగినది. ఇది వట్టి రసాయనక్రియయే అయినచో మొదటిరోజుననే జరిగియుండవలెను గదా! ఇరువది దినముల ఆలస్యమెందుకు? వారు గొట్టములోనికి క్లోరోఫారము ఆవిరిని పంపినారు, మార్పు నిలిచిపోయినది. ఆవిరి తొలగించినను మరల మొదలు కాలేదు. తోటమట్టి కడిగిన నీరు కొంచెము పోసిన పిమ్మట మరల మొదలైనది. గొట్టములో ఏదో ప్రాణి పనిచేయుచున్నదని వారు తేల్చినారు.

ఈ తోటమట్టి నీరు చదివినప్పుడు నాకు మన వంటిల్లు జ్ఞాపకము వచ్చినది. పాలు ఎంత మంచివైనను తోడు లేనిదే పెరుగు కాదు. పొరుగింటినుండి చెంచాడు పెరుగు తెచ్చి తోడువేయుదుము. తొట్టిలోనికి వచ్చిన ఆ కంపుకొట్టే రాళ్ళు సముద్రము పంపిన తోడు. అయితే పెరుగు రాత్రికి రాత్రి పేరుకొనును. ఈ తోడు అంటుకొనుటకు వారములు కావలెను.

కారణము 1890 లో తెలిసినది. కీవ్ నగరమున పుట్టిన వినోగ్రాడ్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు స్విట్జర్లండులోని జూరిచ్‌లో ఈ సూక్ష్మజీవులను విడదీయుటకు పూనుకొన్నాడు. అప్పటి పద్ధతి ప్రకారము సూక్ష్మజీవులను జెలటిన్ వంటి పోషకపదార్థముపై పెంచెడివారు. ఇవి దానిపై పెరుగవు. వినోగ్రాడ్‌స్కీ ఆ రుచికరమైన ఆహారమంతటిని తీసివేసి, అమ్మోనియా, లవణములు మాత్రమే ఉన్న నీటిలో వానిని పెంచినాడు. ఇవి ఏ జీవియొక్క శేషమునూ తినవు. అమ్మోనియాను ప్రాణవాయువుతో కలిపి, ఆ కలయికలో పుట్టిన కొద్ది శక్తితో, బొగ్గుపులుసు వాయువునుండి తమ శరీరమును తామే నిర్మించుకొనును. సూర్యుని వెలుగు అక్కరలేని పంటకాపులు! ఇందులో రెండు తెగలున్నవనియు ఆయన చూపినాడు. ఒక తెగ అమ్మోనియాను నైట్రైటుగ మార్చును. రెండవ తెగ ఆ నైట్రైటును నైట్రేటుగ మార్చును.

అంత బీదబ్రతుకు బ్రతికేవారి సంసారము వేగముగా పెరుగదు. లెక్క చూడండి. మన ప్రేగులలోని ఒకజాతి సూక్ష్మజీవి మంచి అదనులో ఇరువది నిమిషములకొకసారి రెట్టింపగును. ఒకటి వేయి కావలెనన్న పదిమార్లు రెట్టింపైన చాలును. అనగా దానికి మూడు గంటల ఇరువది నిమిషములు. అమ్మోనియాను తినే సూక్ష్మజీవికి ఒక్కసారి రెట్టింపగుటకే రోజు దాక పట్టవచ్చును. అదే వేయికి పదిరోజులు. రెండవ తెగవారి గతి మరింత కష్టము. మొదటి తెగవారు పనిచేసి నైట్రైటు తయారుచేసిన పిమ్మటగాని వీరికి కూడు లేదు. మా మనుమని ఆరు వారముల నిరీక్షణకు కారణమిది. నేను నల్లబల్లపై ఒక్కక్షణములో గీచిన బాణములు రెండింటిలోను ఇంత కాలము మడతపెట్టియున్నదని నాకు అప్పుడు తెలిసినది.

మరొకమాట. ఈ క్రియ మానవచరిత్రలో చేపలకన్న ముందు తుపాకులకు పనికివచ్చినది. పశువుల కొట్టముల పాతగోడల అడుగున తెల్లగా ఉప్పు పూచును గదా. గంజు, పేడలలోని నత్రజనిని ఈ సూక్ష్మజీవులే నైట్రేటుగా మార్చగా పూచిన పూత అది. దానినుండి సురేకారము తీసెడివారు. బీహారు సురేకారమునకై ఐరోపా వర్తక కంపెనీలు పోటీపడినవి. తుపాకిమందు తయారుచేసినది సేనాపతులు గాదు, కొట్టములోని మట్టి.

ఇక తొట్టి. వట్టినే కూర్చుండుటకంటె ఏదైన పని ఉండవలెనని మా మనుమనిచేత ఒక నోటుపుస్తకము పెట్టించినాను. ప్రతిదినము సాయంకాలము చిన్న గాజుగొట్టములో తొట్టినీరు పట్టి, చుక్కల మందు వేసి, రంగుచూచి వ్రాయుట. అమ్మోనియా లేకున్న పసుపురంగు, ఉన్నకొలది ఆకుపచ్చ. నైట్రైటు లేకున్న నీలము, ఉన్నచో ఊదా. వానిని గళ్ళకాగితముపై చుక్కలుగా పెట్టి గీత కలుపవలెను. మొదటివారము ముగియుసరికి అమ్మోనియా గొట్టము ముదురుపచ్చయై, కాగితముపై గీత నిట్టనిలువున లేచినది. కొండ ఎక్కుచున్నదన్నాడు వాడు. తొమ్మిదవనాడు నైట్రైటు గొట్టములో మొదటిసారి ఊదాచాయ కనిపించినది. మొదటి బాణము నడచుట మొదలైనది.

అప్పుడే మావలన ఒక తప్పు జరిగినది.

పదునొకండవనాడు చేపల దుకాణమునకు పోయినాము. నేను కూడ పోయినాను. అక్కడి అమ్మకందారు మా తొట్టి కథ విని, "గట్టిచేప నొకదానిని వేయండి, అది తట్టుకుంటుంది, పైగా పని తొందరగా అవుతుంది" అన్నాడు. ఆ సలహా కొత్తది కాదు. దశాబ్దముల తరబడి తొట్టెలను ఈవిధముగనే సిద్ధము చేసినారు. డామ్సెల్ అను చిన్న నీలపుచేపను అమ్మోనియా తయారీకై తొట్టిలోనికి పంపెడివారు. బ్రతికినచో సరి, చచ్చినచో మరొకటి. మా అబ్బాయి ఒప్పుకొనలేదు. మనుమడు నా మొగమువంక చూచినాడు. "నీరు అంత తేటగా ఉన్నది గదరా, ఒక్క చేపకు ఏమవుతుంది?" అన్నవాడను నేనే. జీవశాస్త్రపు ఉపాధ్యాయుడను!

బొటనవ్రేలంత చేప. నీలిమందు ముద్దవలె మెరయుచున్నది. తొట్టిలో విడువగానే రాళ్ళ నడుమ గుహను చూచుకొని అందులోనికి దూరినది. ఆ రాత్రి మా మనుమడు తొట్టియెదుట నేలమీదనే నిద్రపోయినాడు. మరునాడు సాయంత్రమునకు చేప నీటిపైకి వచ్చి నోరు తెరచి మూయుచున్నది. మొప్పలు వేగముగా ఆడుచున్నవి. వేరొక తొట్టిలేదు, తిరిగి తీసికొనుటకు దుకాణము మూసినారు. సగము నీరు మార్చినాము. మూడవనాటి ఉదయము అది రాళ్ళకు ప్రక్కగా ఇసుకపై పడియున్నది. రంగు అప్పటికే బూడిదయైనది.

వాడు ఏడ్వలేదు. నోటుపుస్తకము తీసి ఆనాటి అమ్మోనియా లెక్క చూచి, "ఇది మనకు ముందే తెలుసు గదా తాతయ్యా" అన్నాడు. నేను బదులు చెప్పలేకపోయినాను. దానిని పెరటిలో నిమ్మచెట్టు మొదట పాతినాము.

ఆ కొన్నిదినములు నేను ఈ తొట్టెల చరిత్ర చదువుచు గడపినాను. ప్రేమించి చంపుట ఇందులో మొదటినుండియు కలదని తెలిసినది. 1846 లో ఆనా థిన్ అను ఆంగ్లవనిత టార్కీ సముద్రతీరమునుండి లండనునకు కొన్ని పగడపు జీవులను జాడీలో తెచ్చినది. ప్రయాణపు కుదుపులకు దెబ్బతినకుండ వానిని సూది దారముతో ఒక స్పంజికి కుట్టినదట. ఇంటిలో పనిపిల్ల ప్రతిదినము అరగంటకు మించి తెరచిన కిటికీయెదుట నిలిచి, ఆ నీటిని ఒక పాత్రనుండి ఇంకొక పాత్రలోనికి ఎత్తిపోసెడిది, మనము కాఫీ చల్లార్చునట్లు. నీటికి ప్రాణవాయువు అందించుటకు అప్పుడున్న యంత్రము ఆ చేతులే. ఆ పగడపు జీవులు ఏండ్లు బ్రతికినవి. పేరు ఆనా థిన్‌ది. నా దృష్టిలో కీర్తిలో సగము ఆ పనిపిల్లది.

ఎనిమిదేండ్లకు, 1854 లో, ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు అక్వేరియమును గూర్చి పెద్ద పుస్తకము వ్రాసినాడు. ఆ పుస్తకము చదివిన ఇంగ్లండు మధ్యతరగతి జనము గంపలు, ఉలులు తీసికొని తీరమునకు పరుగెత్తినది. కొన్నేండ్లలో రాతిమడుగులన్నియు ఊడ్చిపెట్టుకొనిపోయినవి. ఆయన కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907 లో అచ్చువేసిన ఆత్మకథలో, తన బాల్యమున తండ్రితో తిరిగిన ఆ మడుగుల సౌందర్యము తండ్రి గ్రంథముల పుణ్యమా అని నశించెననియు, తండ్రికే అది తీరని దుఃఖమయ్యెననియు చెప్పినాడు. శాస్త్రగ్రంథము వ్రాయువారందరు ఒకమారు చదువదగిన పుటలవి.

సజీవశిలను తొట్టికి తెచ్చిన ఖ్యాతి ఆసియావాడిది. ఇండొనీషియాలో జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్ 1961 లో ఒక అమెరికన్ పత్రికలో తన పద్ధతిని ప్రకటించినాడు. వడపోత పెట్టెలు లేవు. సముద్రపు నీరు, సముద్రపు రాళ్ళు, ఎండ, ఒక గొట్టమునుండి వచ్చే గాలిబుడగలు. ఇంతే. శీతలదేశముల వారికి ఆయన మాట నెత్తికెక్కుటకు చాలకాలము పట్టినది. తరువాత బెర్లిన్ నగరపు ఔత్సాహికులు ఆ రాళ్ళకే నురుగుతో మాలిన్యమును తొలగించే పరికరమును జోడించి వ్యాప్తికి తెచ్చినారు.

వ్యాప్తియైన పిమ్మట మరల పాతకథయే. దిబ్బలనుండి టన్నులకొలది రాళ్ళు పగులగొట్టి ఓడలకెక్కించినారు. ఫ్లారిడా సముద్రములో సహజశిలలను తీయుట ఇప్పుడు నిషిద్ధము; 1997 నుండి ఫెడరల్ జలములలో కూడ ఆపివేసినారు. అందుచేత అక్కడివారు గనులలో త్రవ్విన సున్నపురాళ్ళను పడవలలో తీసికొనిపోయి, కౌలుకు తీసికొన్న సముద్రపు అడుగున పరచి, ఏండ్లు గడచి జీవులు పట్టిన పిమ్మట పైకి తీసి అమ్ముచున్నారు. పొలములో నారు పోసినట్లు సముద్రములో రాళ్ళ సేద్యము. మా అబ్బాయి తెచ్చినవి అట్టి రాళ్ళే.

మన దేశమున పగడపు దిబ్బలు మన్నారు సింధుశాఖలో, కచ్ సింధుశాఖలో, అండమాన్, లక్షద్వీపములలో ఉన్నవి. మన్నారు ప్రాంతమున ఏండ్ల తరబడి పగడపు రాళ్ళను సున్నమునకై కాల్చినారు. అక్కడి దీవులలో రెండు నీట మునుగుటకు ఆ త్రవ్వకములును కారణమందురు. 2001 లో దిబ్బలు కట్టే పగడపు జీవులను వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో, పెద్దపులికి ఇచ్చిన స్థానముననే, చేర్చినారు. విహారయాత్రకు పోయిన విద్యార్థులు ఒక ముక్క సంచిలో వేసికొనివచ్చినను నేరమే. ఉపాధ్యాయులు బయలుదేరుటకు ముందే ఈ మాట చెప్పవలెను.

మన ఆంధ్రతీరమున పగడపు దిబ్బలు లేకున్నను, ఈ లెక్క తెలిసినవారు మనకు కొదువలేరు. భీమవరము, నెల్లూరు ప్రాంతముల రొయ్యల రైతును అడుగండి. అమ్మోనియా, నైట్రైటు అను మాటలు ఆయన నోట ధాన్యపు ధరవలె ఆడుచుండును. తేటనీరు మంచినీరు కాదని ఆయనకు నాకంటె ముందే తెలుసు. సముద్రజలములోని క్లోరైడు నైట్రైటు విషమును కొంత అడ్డుకొనును. ఉప్పు తక్కువైన చెరువులో అదే నైట్రైటు ఎక్కువ హాని చేయును. ఇది రైతు అనుభవము, రసాయనశాస్త్రము రెండును ఏకీభవించిన విషయము.

తొట్టిలో మూడవవారము చివరకు అమ్మోనియా కొండ దిగినది. దాని వెనుకనే నైట్రైటు కొండ లేచినది. కొన్నాళ్ళు గొట్టమునిండ చిక్కని ఊదారంగు. రాళ్ళపై, ఇసుకపై కాఫీపొడి చల్లినట్లు గోధుమరంగు పొర కట్టినది. మా ఇంటావిడ తొట్టి పాడైనదన్నది. అది డయాటములను సూక్ష్మమైన నాచు. నీటిలోని సిలికా ఉన్నంతవరకు ఉండి తనంత తానే తగ్గినది. పిమ్మట పచ్చని వెంట్రుకనాచు. పంపు ఆపరాదని మా అబ్బాయి పదేపదే చెప్పెడివాడు. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేటుగా మారుటకు దాదాపు నాలుగున్నర గ్రాముల ప్రాణవాయువు కావలెను. ఆనా థిన్ ఇంటి పనిపిల్ల చేతులలోని పని ఇక్కడ పంపుది.

ముప్పదియైదు దినములు గడచిన పిమ్మట ఒక సాయంత్రము రెండు గొట్టములును పసుపుగా, నీలముగా నిలిచినవి. మూడవ గొట్టములో నైట్రేటు మాత్రము ఎఱ్ఱబడినది. దానిని చాలవరకు నీరు మార్చి తగ్గించినాము. మిగిలినదాని పని రాతి లోపలిది. ప్రాణవాయువు చొరని ఆ నడిరాతి రంధ్రములలో మరొక జాతి సూక్ష్మజీవులు నైట్రేటునుండియే ఊపిరి తీసికొని నత్రజని వాయువును విడుచును. అది బుడగలై గాలిలో కలయును. నల్లబల్లపై నా కడపటి బాణము పైకి గీచినది దీనినే.

ఈ తొట్టెలు శాస్త్రమునకు ఋణము తీర్చుకొన్న సంగతి ఒకటి చెప్పవలెను. వినోగ్రాడ్‌స్కీ నాటినుండి అమ్మోనియాను మార్చునవి బాక్టీరియాలే అని నమ్మినారు. 2005 లో సియాటిల్ నగరపు అక్వేరియములో ఒక ఉష్ణమండల చేపలతొట్టి అడుగున ఉన్న గులకరాళ్ళనుండి వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు వేరొక జీవిని పెంచి చూపినారు. నైట్రోసోప్యూమిలస్ మారిటిమస్ అని దానికి పేరు. బాక్టీరియా కాదు; ఆర్కియా అను వేరే ప్రాచీన వంశమునకు చెందినది. అటువంటివి మహాసముద్రములంతట లెక్కకు మిక్కిలిగా ఉన్నవనియు, అత్యల్పమైన అమ్మోనియాను కూడ అందుకొనగలవనియు తరువాత తెలిసినది. సముద్రమంతయు నిండియున్న ప్రాణి మొదట దొరకినది ఒక చేపలతొట్టిలో!

రాత్రులు దీపములార్పి, ఎఱ్ఱకాగితము చుట్టిన టార్చిలైటు వేసి చూచుట మాకు అలవాటైనది. అప్పుడు ఆ చేపలు లేని తొట్టిలో ఊరే ఉన్నది. గోరంత నక్షత్రపు జీవి సన్నని చేతులు రాతి సందులోనుండి చాచి ఆడించెడిది. దుమ్మురేణువులవంటి జీవులు అద్దముపై పరుగులు. జెఱ్ఱివలె అంచుల నిండ ముళ్ళున్న పురుగు ఒకటి చాలసేపు బయటకు వచ్చుచునే ఉండి, ఎంత పొడవో తెలియకుండ మరల లోనికి పోయినది. చేప ఎప్పుడని మా మనుమడు అడుగుట మానివేసినాడు.

నలుబది నాలుగవనాడు తొట్టెలలోనే పుట్టిపెరిగిన క్లౌన్ చేపను, నారింజరంగుపై తెల్లని పట్టెలున్నదానిని, వేరొక దుకాణమునుండి తెచ్చినారు. సంచిని గంటసేపు నీటిలో తేల్చి, చెంబుతో కొద్దికొద్దిగా తొట్టినీరు కలిపి, మెల్లగా విడిచినారు. మరునాడు, ఆ మరునాడు అమ్మోనియా గొట్టము పసుపుగానే ఉన్నది.

మేము బయలుదేరిన రోజున వాడు నోటుపుస్తకములో ఒక పుట చించి నా చేతికిచ్చినాడు. నత్రజని వలయము. ఆవు లేదు, చిక్కుడుతీగ లేదు, మెరుపు లేదు. ఒక రాయి, ఒక చేప, చుట్టును బాణములు. ప్రతి బాణము ప్రక్కను దానికి పట్టిన దినముల లెక్క వ్రాసినాడు. మొదటి బాణము క్రింద మాత్రము నీలిపెన్సిలుతో మరొక చిన్నచేపను గీచి, దాని ప్రక్కను అంకె ఏమియు వేయలేదు.